బామ్మగారి ఏడో గారె

మా అమ్మ జపాన్ వచ్చిన నాలుగో రోజున మా పక్కింటి బామ్మగారిని టిఫినుకి పిలిచింది. అమ్మకి జపనీస్ ఒక్క ముక్క రాదు. బామ్మగారికి తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. ఇద్దరినీ కూర్చోబెట్టి, గారెలూ అల్లం పచ్చడీ పెట్టి, ఆఫీసు ఫోనొస్తే నేను పక్క గదిలోకి వెళ్ళాను. పావుగంటలో తిరిగొచ్చేసరికి బామ్మగారు గోడకి ఆనుకుని, నుదుటి మీద చెమటతో, ఏడో గారె నములుతున్నారు.

ఏం జరిగిందో చూడగానే తెలిసిపోయింది. జపాన్‌లో ఒకరింట్లో పెట్టింది పళ్ళెంలో వదిలేయడం తప్పు. వండినవాళ్ళని అవమానించినట్టు. వృథా చేస్తే పాపం అని చెప్పడానికి వాళ్ళకి 'మొత్తయినాయ్' అనే మాట ఉంది, పిల్లలకి చిన్నప్పట్నించీ అది నూరిపోస్తారు. మా భీమవరంలోనేమో అతిథి పళ్ళెం ఖాళీగా కనిపించడం ఇంటావిడకి తలవంపులు. బామ్మగారు మర్యాదగా ఖాళీ చేశారు, అమ్మ మర్యాదగా ఇంకోటి వేసింది. ఆవిడ మళ్ళీ ఖాళీ చేశారు, ఈవిడ మళ్ళీ వేసింది. ఎవరి మర్యాద వాళ్ళు తప్పకుండా పాటించుకుంటూ ఏడు దాకా వచ్చారు.

"దైజోబు దెస్, దైజోబు దెస్ అని ఒకటే అంటోంది పాపం. బావుందంటోందా?" అని అడిగింది అమ్మ.

చాలమ్మా, వద్దంటున్నారు అని చెప్పాను.

"వద్దంటే మాత్రం, మనం అలా వదిలేస్తామా? తినండి అక్కయ్యగారూ, సిగ్గుపడకండి" అని ఎనిమిదోది చేతిలోకి తీసుకుంది.

నేను గబగబా బామ్మగారి పక్కన కూర్చుని, పళ్ళెం మీద రెండు చేతులూ అడ్డం పెట్టి ముందుకి వంగి ఎలా ఆపాలో చూపించాను. ఆవిడ శ్రద్ధగా చూసి, పళ్ళెం మీద చేతులు పెట్టి, "చాలందీ" అన్నారు. అమ్మ వెంటనే గారె పక్కన పెట్టేసింది. అంత భారీ సమస్య ఒక్క చేతి కదలికతో తీరిపోయింది. ముగ్గురం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం.

నేను ఈ వ్యాసం రాయడానికి ఆ నవ్వే కారణం. జపాన్ గురించి తెలుగులో వచ్చే వీడియోలు చాలా చూస్తుంటాను. వాటిలో జపాన్ ఎప్పుడూ ఒక వింత గ్రహం. మాట్లాడే టాయిలెట్లు, సెకను తేడా రాని రైళ్ళు, మరమనుషుల్లాంటి మనుషులు. "వీళ్ళు మనకి జన్మలో అర్థం కారండీ బాబూ" అంటారు చివర్లో. నాకు ఆ మాట వినగానే బాధేస్తుంది. పదేళ్ళుగా తోక్యోలో ఉంటున్నాను. ఇక్కడ నాకు ఎదురైన తమాషాల్లో ముప్పావు వంతు వీళ్ళు మనకి దూరంగా ఉన్నందుకు జరిగినవి కావు. చాలా దగ్గరగా ఉండి, చివరి మెట్టు దగ్గర మాత్రం పక్కకి తిరిగినందుకు జరిగినవి. ఆ దగ్గరితనం పేరు మొహమాటం.

మొహమాటానికి ఇంగ్లీషులో మాట వెతికి వెతికి వదిలేశాను. జపనీస్‌లో మాత్రం ఉంది. 'ఎన్ర్యో' అంటారు. ఎదుటివాళ్ళకి ఇబ్బంది కలిగిస్తామేమో అని మన కోరికని మనమే వెనక్కి లాక్కోవడం. ఇక్కడివాళ్ళు ఇంటికి పిలిచి బల్ల నిండా పది రకాలు సర్ది, "ఏమీ లేదండీ, కానీ..." అనే అర్థం వచ్చే మాటతో వడ్డన మొదలుపెడతారు. మా పెద్దమ్మ పులిహోర, బూరెలు, ముద్దపప్పు, రెండు వేపుళ్ళు చేసి "ఏమీ చెయ్యలేదర్రా, ఏదో కాస్త పప్పూ అన్నమూ" అనేది. చేతికి ఖరీదైన బహుమతి ఇస్తూ "పనికిమాలిన వస్తువే అనుకోండి" అనడం కూడా ఇక్కడి పాత పద్ధతే. కొత్తగా వచ్చిన ఒక అమెరికన్ సహోద్యోగి దానికి నిజంగానే కంగారు పడ్డాడు. నేను పడలేదు. నాకది మా ఇంటి మాటలా వినిపించింది.

తేడా ఎక్కడంటే మొహమాటాన్ని విడిపించే పద్ధతిలో. మన దగ్గర మొదటి 'వద్దు' మర్యాదకి, రెండో 'వద్దు' మొహమాటానికి, మూడోది మాత్రమే నిజం. అందుకే కొసరి కొసరి వడ్డిస్తాం. వద్దన్నారు కదా అని ఆగిపోతే పిసినారి ఇల్లు అంటారు. ఇక్కడ మొదటి 'వద్దు'కే ఆగిపోతారు. అది మొహమాటపు వద్దు అని లోపల తెలిసినా, బలవంతం చేయడం ఇంకా పెద్ద తప్పు కాబట్టి ఆగిపోతారు.

ఇది నాకు మొదటి ఏడాదే తెలిసొచ్చింది. తోక్యో పక్కనే సైతామాలో ఉండే ఒక సహోద్యోగిని ఆదివారం భోజనానికి పిలిచింది. నేను మాంసం, చేపలు తిననని తెలుసుకుని, నా కోసం ప్రత్యేకంగా ఇనారి చేసింది. తియ్యటి వేయించిన టోఫు సంచుల్లో పుల్లటి అన్నం కూరి పెడతారు. బంగారు రంగులో మెరుస్తున్నాయి. పళ్ళెం నా ముందుకి జరిపి తీసుకోమంది. నేను పుట్టి పెరిగిన పద్ధతిలో "అబ్బే, ఇప్పుడే వద్దండీ" అన్నాను. "అలాగా" అని తల ఊపి పళ్ళెం తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టేసింది. ఫ్రిజ్ తలుపు మూసుకున్న ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తిరుగుదారిలో స్టేషన్ పక్క దుకాణంలో రెండు ఒనిగిరిలు కొనుక్కుని ప్లాట్‌ఫారం మీద నిలబడి తిన్నాను. మర్నాడు ఆ అమ్మాయి ఆఫీసులో ఇంకో స్నేహితురాలితో, "నా వంట ఆమెకి నచ్చలేదేమో" అని దిగులుపడిందట. ఇద్దరమూ ఒకే జబ్బుతో బాధపడ్డాం, ఒకే రోజున.

ఒనిగిరి అంటే అన్నం ముద్ద. నేను తిన్నవాటి మధ్యలో ఉమెబోషి ఉంది. ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన ఒక రకం పుల్లటి పండు. నోట్లో పెట్టుకోగానే ఒళ్ళు జిల్లుమంది. అన్నం ముద్దలో ఊరగాయ ముక్క పెట్టి పిల్లల చేతికి ఇవ్వడం మనకి ఎవరైనా నేర్పాలా? వీళ్ళూ మనలాగే అన్నాన్నే భోజనం అంటారు. 'గోహాన్' అంటే అన్నం, గోహాన్ అంటే భోజనం కూడా. పొద్దుటి అన్నం, మధ్యాహ్నపు అన్నం, రాత్రి అన్నం అనే మూడు పూటల పేర్లు. "అన్నం తిన్నావా" అని ఫోన్లో అడిగే మా అమ్మ ప్రశ్నని మాటకి మాటగా జపనీస్‌లో చెప్పొచ్చు.

బామ్మగారు అన్న 'దైజోబు' కూడా అలాంటిదే. నిఘంటువు చూస్తే 'క్షేమం, ఫరవాలేదు' అని ఉంటుంది. దుకాణంలో సంచీ కావాలా అని అడిగితే 'దైజోబు' అంటే వద్దని. 2020 జులై నుంచి ప్లాస్టిక్ సంచులకి డబ్బు తీసుకోవడం తప్పనిసరి అయ్యాక ఈ మాట రోజుకి పదిసార్లు వినిపిస్తోంది. దెబ్బ తగిలిందా అంటే దైజోబు, ఇంకో కప్పు టీ పొయ్యనా అంటే దైజోబు, ఆలస్యమైంది క్షమించండి అంటే దైజోబు. విదేశీయులు ఈ ఒక్క మాట దగ్గర తలలు బాదుకుంటారు, ఔనా కాదా అని. మనకి 'పర్లేదండీ' ఉంది. 'కాఫీ తాగుతారా?' 'పర్లేదండీ.' 'కాలు తొక్కాను, సారీ.' 'పర్లేదండీ.' అది ఎప్పుడు ఔనో ఎప్పుడు కాదో గొంతుని బట్టి మనం కనిపెడతాం కదా. అదే చెవితో ఇక్కడా వింటే సరిపోతుంది.

భాష దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది, వాళ్ళకీ చివర్నే. మనం విభక్తి ప్రత్యయాన్ని మాట వెనకాల తగిలిస్తాం, వాళ్ళూ అంతే. మనం 'తిని చూడండి' అంటాం కదా, రుచి చూడమని. వాళ్ళూ సరిగ్గా తినడం, చూడడం అనే రెండు క్రియలనీ కలిపి 'తబెతె మితె' అంటారు. జపనీస్ క్లాసులో ఈ పాఠం వచ్చినప్పుడు ఇంగ్లీషు, ఫ్రెంచి మాట్లాడే తోటి విద్యార్థులు 'చూడడం ఎందుకొచ్చింది ఇక్కడ' అని టీచర్ని అరగంట అడిగారు. నేను, ఒక తమిళ అబ్బాయి ఊరికే కూర్చున్నాం. మాకు అందులో అడగాల్సిందేం కనిపించలేదు.

ఇంకా ముచ్చటైన విషయం అరువు మాటలది. మనం ఇంగ్లీషు మాట ఏది తెచ్చుకున్నా చివర్న అచ్చు తగిలించుకుంటాం. బస్సు, గ్లాసు, బ్యాగు, సూపు. జపాన్ వాళ్ళూ తగిలిస్తారు. బసు, గురాసు, బగ్గు, సూపు. ఒకసారి కొత్తగా చేరిన ఢిల్లీ అమ్మాయితో కలిసి గిన్నెల దుకాణానికి వెళ్ళాను. కాఫీ కప్పులు ఎక్కడున్నాయో ఆమె చక్కటి ఇంగ్లీషు ఉచ్చారణతో మూడుసార్లు అడిగింది. దుకాణంలో పిల్ల ప్రతిసారీ వంగి క్షమించమని అడుగుతోంది. నేను మా అమ్మతో మాట్లాడినట్టే "కాఫీ కప్పు" అన్నాను. "ఆఁ, కోహీ కప్పు!" అని ఆ పిల్ల వెలిగిపోయిన మొహంతో మమ్మల్ని తీసుకెళ్ళింది. ఢిల్లీ అమ్మాయి ఆ తర్వాత నెల్లాళ్ళు ప్రతి ఇంగ్లీషు మాట చివరా 'ఉ' చేర్చి తిరిగింది. చాలాసార్లు పని జరిగింది కూడా.

పేర్ల దగ్గర మాత్రం గోల. వాళ్ళకి 'ల' లేదు, 'ర'తో సరిపెట్టుకుంటారు. జోడక్షరాల మధ్య అచ్చు దూరుస్తారు. నా పేరులోని లక్ష్మి క్లినిక్‌లో 'రకుషుమి సామా' అయి వినిపిస్తుంది. మొదటిసారి ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నాను. 'సామా' అంటే గారు కన్నా ఒక మెట్టు పైన, దేవుళ్ళకీ అదే వాడతారు. ఈ సంగతి బామ్మగారికి చెప్తే ఆవిడ అంతకన్నా మంచి సంగతి ఒకటి చెప్పారు. లక్ష్మీదేవి ఎప్పుడో బౌద్ధంతో పాటు జపాన్ వచ్చేసి ఇక్కడ 'కిచిజోతెన్' అయిందనీ, నారాలోని యకుషిజి ఆలయంలో 8వ శతాబ్దంలో గీసిన ఆమె బొమ్మ ఉందనీ. పన్నెండు వందల ఏళ్ళ కిందటే మా పేరు దేవత వచ్చి స్థిరపడ్డ దేశంలో నేను ఫారాల మీద గడులు చాలక పేరు కుదించుకుంటున్నాను అనిపించి ఆ పూటంతా సంతోషంగా ఉంది.

క్లినిక్ అన్నాను కదా, అక్కడిదే ఇంకొకటి. మా ఆయనది వరంగల్. ఒక రాత్రి ఆయనకి కడుపునొప్పి వచ్చింది. డాక్టరు నొప్పి ఎలా ఉందని అడిగారు. ఇక్కడ నొప్పికి ధ్వని చెప్పాలి. సన్నగా లాగుతుంటే షికుషికు, గుచ్చినట్టుంటే కిరికిరి, లోపల ఉరిమినట్టుంటే గొరొగొరొ. డాక్టరు వేలితో కడుపు నొక్కి, "కిరికిరి దెస్‌కా?" అన్నారు. మా ఆయన నొప్పితో ముడుచుకుపోయి ఉన్నవాడు ఒక్కసారి తలెత్తి, "ఔ సార్, శాన కిరికిరి" అన్నాడు తెలుగులో. డాక్టరు తల ఊపి 'కిరికిరి' అని రాసుకున్నారు. నేను అడ్డుపడి, కాదండీ, లోపల గుడగుడలాడుతోంది అనబోయి, జపనీస్ మాట గుర్తు రాక, చేత్తో గుండ్రంగా తిప్పుతూ "గుడగుడ" అన్నాను. "ఆ, గొరొగొరొ" అని ఆయన కిరికిరి కొట్టేసి అది రాశారు. మందు పనిచేసింది. జలజల, తళతళ, చకచక అనుకుంటూ బతికే మనకి ఈ భాష కష్టమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రాత కష్టం, నిజమే, కంజీలనే ఆ బొమ్మల్లాంటి అక్షరాలు చూస్తే తల ప్రాణం తోకకొస్తుంది. మాట మాత్రం మన చుట్టమే.

మొహమాటం దగ్గరికి మళ్ళీ వస్తాను. ఈ ఇంట్లోకి మారిన కొత్తలో ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పారేసే రోజున వాటిని ఉన్నవి ఉన్నట్టు తీసుకెళ్ళి కింద బుట్టలో పెట్టేదాన్ని. మూత వేరు చెయ్యాలి, చుట్టూ ఉన్న లేబుల్ చింపాలి, కడగాలి, అప్పుడు పెట్టాలి. వార్డు వాళ్ళు ఇచ్చిన కాగితంలో అంతా ఉంది, నేను ఆ వైపు తిప్పి చూడలేదు. ఒక నెల గడిచింది, ఎవరూ ఏమీ అనలేదు. ఒకరోజు తెల్లవారుజామున విమానాశ్రయానికి వెళ్ళాల్సి వచ్చి ఆరుకి ముందే కిందికి దిగాను. చీకట్లో, కాకులు రాకుండా చెత్త మీద కప్పే నీలం వల పక్కన, చిన్న పీట వేసుకుని బామ్మగారు కూర్చుని ఉన్నారు. చేతిలో చిన్న కత్తెర. ఒళ్ళో నా సీసాలు. ఒక్కొక్కదాని లేబుల్ కత్తిరించి, మడిచి, సంచీలో వేసుకుంటున్నారు. మూతలు వేరే డబ్బాలో. ఆ వేళ్ళు చలికి ఎర్రబడి ఉన్నాయి.

నన్ను చూడగానే దొంగతనం చేస్తూ పట్టుబడ్డట్టు లేచి నిలబడి, "సుమిమాసెన్, సుమిమాసెన్" అని నాకే క్షమాపణ చెప్పారు. నెల రోజులుగా నా సీసాలు ఆవిడే సర్దుతున్నారు. నాకు చెప్తే నేను చిన్నబుచ్చుకుంటానని చెప్పలేదు. నాకు సిగ్గుతో పాటు కోపం కూడా వచ్చింది, నిజం చెప్తున్నాను. ఒక్క మాట చెప్తే పోయేదానికి డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి నెల్లాళ్ళు చలిలో కూర్చోవాలా? కానీ మా నాన్న గుర్తొచ్చాడు. పక్కింటివాళ్ళు కొళాయి కట్టకుండా వదిలేస్తే రోజూ గోడ దూకి వెళ్ళి కట్టొచ్చేవాడు. "చెప్పొచ్చు కదా" అంటే "బాగోదే" అనేవాడు. ఆ 'బాగోదే' ఇక్కడ నీలం వల పక్కన పీట మీద కూర్చుని ఉంది.

చెత్త గురించి ఇంకో మాట చెప్పి వదిలేస్తాను. మా తోక్యో లెక్క తేలికే. షికోకు దీవిలో కమికాత్సు అనే కొండ ఊరుంది. 2003లో చెత్తే లేని ఊరవుతామని ప్రకటించుకుని, చెత్తని నలభైకి పైగా రకాలుగా వేరు చేస్తారు.

ఇంతవరకూ చదివి, ఈమెకి జపాన్‌లో అన్నీ మురిపెంగానే ఉన్నాయి అనుకోవద్దు. మొహమాటం ఎక్కడ ముద్దొస్తుందో చెప్పాను, ఎక్కడ మండుతుందో కూడా చెప్పాలి.

వచ్చిన రెండో ఏడాది, కంపెనీ ఇచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చి అద్దె ఇంటికి తిరిగాం. ఇళ్ళు చూపించే ఆఫీసులో ఒక కుర్రాడు, చాలా మర్యాదస్తుడు, మా ముందే ఇంటివాళ్ళకి ఫోన్ చేసేవాడు. ముందు మా ఉద్యోగాలు, జీతాలు చెప్పేవాడు. అవతల గొంతు హుషారుగా వినిపించేది. చివర్న గొంతు తగ్గించి "విదేశీయులండీ, కానీ..." అనేవాడు. అవతల నిశ్శబ్దం. కుర్రాడు ఫోన్ పెట్టేసి, పళ్ళ సందుల్లోంచి 'స్స్' అని గాలి లోపలికి పీల్చి, తల పక్కకి వాల్చి, "చొత్తొ... ముజుకాషీ దెస్‌నె" అనేవాడు. కాస్త కష్టమండీ, అని. పాఠ్యపుస్తకం ప్రకారం కష్టం అంటే కష్టమే, కుదరదని కాదు. మాతో పాటు వచ్చిన ఒక స్నేహితుడు "కష్టమే కదా, ప్రయత్నించమనండి" అన్నాడు. నాకు ఆ 'స్స్' వినగానే తెలిసిపోయింది. సంబంధం ఇష్టం లేనప్పుడు మా వాళ్ళు "చూద్దాం లెండి" అంటారే, అదే ఇది. వ్యాపారంలో 'ఆలోచిస్తాం' అనే అర్థంలో 'కెంతో షిమాసు' అంటారు, అదీ ఇదే. అయిదు ఇళ్ళు అలా పోయాయి. అయిదుసార్లూ ఆ కుర్రాడు నడుము వంచి క్షమాపణ చెప్పాడు.

ఇది మా ఒక్కరికే జరిగింది కాదు. జపాన్ న్యాయశాఖ చేయించిన సర్వే ఫలితాలు 2017లో బయటికొచ్చాయి. అంతకుముందు అయిదేళ్ళలో ఇల్లు వెతుక్కున్న విదేశీయుల్లో 39.3 శాతం మంది విదేశీయులన్న కారణంతోనే ఇల్లు దొరకని అనుభవం ఉందన్నారు. నూటికి ముప్పై తొమ్మిది మంది! 2024 చివరికి ఈ దేశంలో విదేశీయులు 37 లక్షలు దాటారు. అందులో మన భారతీయులు సుమారు 50 వేలు. మనుషులు లేక హోటళ్ళు, వృద్ధాశ్రమాలు, కంపెనీలు మమ్మల్ని రమ్మని పిలుస్తున్నాయి. పని చేయడానికి రమ్మని, పడుకోవడానికి 'చొత్తొ' అంటే ఎలా?

రైల్లో నా పక్క సీటు ఖాళీగా ఉండిపోవడం గురించి చాలామంది విదేశీయులు బాధపడతారు. జనం నిలబడి ఉంటారు, ఆ ఒక్క సీటులో మాత్రం ఎవరూ కూర్చోరు. నాకూ చాలాసార్లు జరిగింది. దాన్ని నేను క్షమించేశాను. ఇంగ్లీషులో ఏమన్నా అడుగుతుందేమో, జవాబు చెప్పలేక ఇబ్బంది పడతానేమో అనే భయం కొందరి మొహాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. పరాయి భాష అంటే మా ఊళ్ళోనూ బ్యాంకులో హిందీ ఆయన వస్తే అందరూ ఫైళ్ళలో తలదూర్చేవాళ్ళు. సీటు సంగతి సరే. ఇల్లు సంగతి మాత్రం మొహమాటం ఖాతాలో వెయ్యనివ్వను. అది అన్యాయం. వంగి చెప్పినా అన్యాయమే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోకపోతే నా వాదనలో నిజాయితీ ఉండదు. ఆ అయిదో ఇల్లు పోయిన రాత్రి మా ఆయన, హైదరాబాదులో బ్యాచిలర్‌గా గది వెతుక్కున్న రోజులు చెప్పాడు. "మీరేమిట్లు?" అని అడిగేవాళ్ళట. చెప్పగానే "మా తమ్ముడొస్తానన్నాడు బాబూ, ఇంకోసారి చూద్దాం" అనేవాళ్ళట. నవ్వుతూనే, మంచినీళ్ళిచ్చి మరీ. జపాన్ పెద్దమనిషి ఫోన్లో మౌనంగా ఉన్నదీ, మన పెద్దమనిషి తమ్ముణ్ణి అడ్డం పెట్టుకున్నదీ ఒకటే పని. మన వాళ్ళు "జపాన్‌లో జాత్యహంకారం ఎక్కువండీ" అని ఆవేశంగా రాసేటప్పుడు, సొంత ఊళ్ళో టులెట్ బోర్డు వెనక ఏం అడుగుతామో కూడా అదే ఆవేశంతో రాయాలని నా కోరిక.

చివరికి మాకు యూఆర్ సంస్థ వాళ్ళ అపార్టుమెంటు దొరికింది. ఇది ప్రభుత్వ రంగానిది. ఇంటివాళ్ళకి తిరిగిరాని కానుకగా ఇచ్చే డబ్బు అక్కర్లేదు, జపాన్ మనిషి హామీ సంతకం అక్కర్లేదు. వీసా, ఆదాయం ఉంటే ఇస్తారు. తోక్యో తూర్పున ఎదొగావా వార్డులో నిషికసాయి అనే చోట మన వాళ్ళు ఇంతమంది చేరడానికి ఇదొక కారణం. 2000 సంవత్సరం కంప్యూటర్ల గండం గట్టెక్కించడానికి వచ్చిన మన ఇంజనీర్లకి బ్యాంకుల ఆఫీసులుండే ఓతెమాచికి తోజాయి లైన్లో సూటిగా రైలుంది, అడ్డుచెప్పని ఇల్లుంది. ఇప్పుడు మినప్పప్పు, చింతపండు, కరివేపాకు నడిచి వెళ్ళేంత దూరంలో దొరుకుతాయి. మా అమ్మ గారెలు వేయగలిగింది అందుకే. ఆ 'స్స్' అన్న అయిదుగురిలో ఒక్కరు ఇల్లిచ్చినా నాకు బామ్మగారు పక్కిల్లు అయ్యుండేవారు కాదు. దానికి వాళ్ళకి కృతజ్ఞత చెప్పను. కానీ ఈ పక్కింటికి మాత్రం రోజూ చెప్పుకుంటాను.

అమ్మ వెళ్ళిపోయే రోజున బామ్మగారికి స్టీలు డబ్బాలో గోంగూర పచ్చడి ఇచ్చింది. వారానికి డబ్బా తిరిగొచ్చింది, నిండా ఉమెబోషితో. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మన ఇళ్ళల్లో కాస్త పంచదారైనా వేసి ఇస్తాం కదా. ఇక్కడ దాన్ని 'ఒకాఎషి' అంటారు, పుచ్చుకున్నదానికి బదులు ఇవ్వడం. బదులుకి బదులు అక్కర్లేదని మా ఆఫీసువాళ్ళు అంటారు. అది నాకు తెలిసినా చెయ్యి ఊరుకోలేదు. ఆ డబ్బాలోనే సున్నుండలు పెట్టి ఇచ్చాను. అది మికాన్ అనే చిన్న కమలాపళ్ళతో తిరిగొచ్చింది. నేను పులిహోర పెట్టాను. ఆవిడ చిలగడదుంప తీపి పెట్టారు. ఇది నాలుగేళ్ళ కిందటి మాట. ఆ డబ్బా ఇంతవరకూ ఏ ఇంట్లోనూ పది రోజులు ఆగలేదు. మధ్యలో ఒకసారి ఆవిడ, "మీకు శ్రమ ఇస్తున్నానేమో" అని నసిగారు. "పర్లేదండీ" అని తెలుగులోనే అన్నాను. ఆవిడకి ఇప్పుడు ఆ మాట తెలుసు, గొంతుని బట్టి ఏ 'పర్లేదో' కూడా తెలుసు.

ప్రస్తుతం డబ్బా మా గట్టు మీద ఉంది. నిన్న ఎండు పుట్టగొడుగులతో వచ్చింది. మినప్పప్పు నానబోశాను. ఎన్ని పెట్టి పంపనమ్మా అని రాత్రి భీమవరం ఫోన్ చేసి అడిగాను.

"ఏడు పెట్టు," అంది అమ్మ, తడుముకోకుండా. "ఆవిడకి ఏడు పడతాయి."